గాలి తక్కువ దేశానికి ఓదెలును పంపిన సంగతి

1965 ఎండాకాలం. మందమర్రి బొగ్గుబాయి దవాఖానలో నేను స్టాఫ్ నర్సుగా పనిచేస్తున్నాను. మా వైపు బొగ్గుగనిని బొగ్గుబాయి అంటారు. మాది కరీంనగర్. హైదరాబాదులో నర్సింగ్ చదువుకొని, రెండు మూడు ఊళ్ళు తిరిగి, చివరికి బొగ్గుదుమ్ములో స్థిరపడ్డాను. బొగ్గుబాయి నర్సునని తెలియగానే ఎవరైనా విరిగిన కాళ్ళు, నలిగిన వేళ్ళ కథలే అడుగుతారు. అవి చాలానే చూశాను. చెప్పడానికి మనసొప్పదు. ఎవరూ అడగకపోయినా చెప్పాలనిపించే ముచ్చట మాత్రం ఒకటుంది. అందులో నెత్తురు చుక్క కూడా లేదు. ఒక మనిషిని నిక్షేపంగా ఉన్నప్పుడే మా చేతిలో పెట్టారు, నిక్షేపంగానే తిరిగి రావాలన్నారు. జబ్బు మనిషికి మందివ్వడం కన్నా అది కష్టమని నాకప్పుడే తెలిసింది.

ఒకరోజు మా పెద్ద డాక్టరు గారు నన్ను గదిలోకి పిలిచారు. అందరూ ఆయన్ని డాక్టర్ సాబ్ అనేవారు. మిలిటరీలో చాలాకాలం చేసి వచ్చిన మనిషి. హిమాలయాల్లో యుద్ధం జరిగినప్పుడు ఆ మంచుకొండల మీద సిపాయిలకు వైద్యం చేశారు. ఆ సంగతులు ఎప్పుడూ తనంతట తాను ఎత్తేవారు కాదు.

"సిస్టర్, పెరూ దేశం పేరు విన్నరా?" అన్నారు.

"చిన్నప్పుడు భూగోళంల చదివిన సార్. ఎక్కడుంటదో యాదికి లేదు."

ఆయన ఒక పాత ఎక్స్‌రే కవరు తిరగేసి పెన్సిలుతో మూడు నిలువు గీతలు గీశారు. "ఇది దక్షిణ అమెరికా పడమటి అంచు. సముద్రం పక్కన ఈ పట్టీ అంత ఇసుక. వాన పడదు, గని జూన్, జూలైల పొగమంచు దిగి బట్టలారవు. మనకు వానలు మొదలైనప్పుడు వాళ్ళకు చలికాలం. ఈ నడిమి పట్టీ కొండలు. గనులన్నీ ఇక్కడనే, మబ్బుల మీద. ఆ కొండ దిగితే అటువైపు అడవి, దోమలు, జ్వరాలు. దేశం ఒక్కటే, సామాను మాత్రం మూడు దేశాలది కావాలె."

కంపెనీ తరఫున ఇద్దరిని అక్కడికి నాలుగు నెలలకు పంపుతున్నారట. ఒకరు రఘునాథ్ అనే ఇంజినీరు. రెండోవాడు మా ఓదెలు. ఓదెలు రెస్క్యూ బ్రిగేడ్ కెప్టెన్. రెస్క్యూ బ్రిగేడ్ అంటే, బాయిలో పొగో విషవాయువో కమ్మినప్పుడు వీపుకు ఆక్సిజన్ డబ్బా కట్టుకొని లోపలికి పోయి మనుషులను బయటికి తెచ్చే జట్టు. అక్కడి గనుల్లో ఆ పని ఎట్లా చేస్తారో చూసి, మన పద్ధతి వాళ్ళకు చూపించి రావాలి. వాళ్ళను పరీక్ష చేసి, సూదులు వేయించి, ప్రయాణానికి తయారు చేసే బాధ్యత మా దవాఖానది. ఇంజినీరు గారి సంగతి డాక్టర్ సాబ్ చూసుకున్నారు. ఓదెలు నా వంతుకు వచ్చాడు.

ఓదెలుకు ముప్పై అయిదేళ్ళుంటాయి. లక్సెట్టిపేట పక్క పల్లె మనిషి. పొట్టిగా, గట్టిగా, నవ్వు మొహంతో ఉంటాడు. నాడి చూశాను, బ్లడ్ ప్రెషర్ చూశాను, ఛాతీ ఎక్స్‌రే తీయించాను. అన్నీ బాగున్నాయి. మశూచి టీకా నేనే వేశాను. ఎల్లో ఫీవర్ అనే జ్వరానికి టీకా మాత్రం మా దగ్గర లేదు. దానికి బొంబాయి పోవాలి. అది వేసుకున్న పది రోజులకు గాని చెల్లదు, చెల్లుబాటు కాగితం లేకుండా ఆ దేశం నుంచి తిరిగొస్తే మన దేశంలో దిగగానే విడిగా పెట్టి ఉంచుతారు. అందుకని ముందుగానే బయలుదేరాలని చెప్పాను.

తర్వాత జాగ్రత్తలు మొదలుపెట్టాను. నాకు చెప్పడమంటే ఇష్టం. మా అవ్వ నన్ను "గడియారం ఆగుతది గని నీ నోరాగదు" అనేది. డాక్టర్ సాబ్ చెప్పినవీ, పెరూ గని వాళ్ళు పంపిన చిన్న పుస్తకంలో ఉన్నవీ అన్నీ కలిపి చెప్పాను. నీళ్ళు కాచి చల్లార్చినవే తాగాలి. తొక్క తీసే పండ్లే తినాలి. కొండమీద ఎండ చల్లగా అనిపించినా మొహం కాలుస్తుంది, తలకు టోపీ ఉండాలి, పెదవులకు వాజలీన్ రాసుకోవాలి. ఒకటే లావు కోటు పనికిరాదు, ఉల్లిగడ్డ పొరల్లాగా పలచనివి నాలుగు తొడుక్కోవాలి, ఎండకు ఒకటొకటి తీసి చలికి ఒకటొకటి వేసుకోవాలి. అడవి వైపు దిగేముందు మలేరియా మాత్ర మింగాలి, దోమతెర లేకుండా పడుకోవద్దు. అన్నిటికన్నా ముఖ్యం, పొద్దున సముద్రం పక్కన రైలెక్కితే సాయంత్రానికల్లా మబ్బుల మీద దింపుతుంది. అక్కడ గాలి పలచన. మొదటి రెండు మూడు రోజులు మెల్లగా నడవాలి, కొంచెమే తినాలి, సారా ముట్టవద్దు.

ప్రతిదానికీ ఓదెలు చేతులు మోకాళ్ళ మీద పెట్టుకొని, "సరే సిస్టరమ్మా" అన్నాడు. అన్నీ ఒకటే తీరు సరేలు. దున్నపోతు మీద వాన కురిసినట్టు నా మాటలు జారిపోతున్నాయని నాకు అర్థమైంది. మా పనిలో ఒక పద్ధతి ఉంది. చెప్పినదాన్ని రోగి నోటితో తిరిగి చెప్పించుకోవాలి. "విన్నవా" అని అడిగితే అందరూ విన్నామనే అంటారు. "ఏం చేస్తవు" అని అడగాలి.

"సరే గని ఓదెలూ, కొండమీద ఊపిరాడకపోతే ఏం చేస్తవు?" అన్నాను.

"ఏం జేస్త? పైకొస్త."

అదేదో అందరికీ తెలిసిన సంగతే అన్నట్టు చెప్పాడు. నాకు నవ్వొచ్చింది. పక్క బల్ల దగ్గర రాసుకుంటున్న డాక్టర్ సాబ్ మాత్రం నవ్వలేదు. కలం పెట్టేసి మా వైపు తిరిగారు.

ఓదెలు తప్పు లేదు. పదిహేనేళ్ళుగా అతను నేర్చుకున్నదీ, కొత్తగా వచ్చిన పనివాళ్ళకు నేర్పిందీ ఆ ఒక్క ముక్కే. చెడుగాలి కింద ఉంటుంది, మంచిగాలి పైన ఉంటుంది. ఊపిరాడకపోతే కేజ్ ఎక్కి, అంటే బాయిలోకి మనుషులను దించే లిఫ్టు ఎక్కి, పైకి రావాలి. బొగ్గుబాయి ఊళ్ళో చిన్నపిల్లలకు కూడా ఇది తెలుసు. ఈ జ్ఞానం పట్టుకొని ఆ కొండలెక్కితే ఏమవుతుందో డాక్టర్ సాబ్‌కు తెలుసు.

"ఓదెలూ, నా దగ్గరికి ఒక సిపాయి వచ్చిండు," అన్నారు ఆయన మెల్లగా. "నీ అంత గట్టి పిల్లడు. ఆయాసం వస్తుందని చెప్పుకోవడానికి సిగ్గుపడ్డడు. ఇంకా పైన ఉన్న పోస్టు వరకు నడిచిండు. కిందికి దించేలోపే పోయిండు. కొండమీద ఎంత పైకి పోతే అంత గాలి తక్కువ. అక్కడ ఊపిరాడకపోతే దిగాలె. వేరే మందు లేదు."

ఓదెలు మొహంలో నవ్వు పోయింది. "మరి దీపం ఎట్లుంటది సాబ్, ఆడ?" అని అడిగాడు.

బాయిలో వాళ్ళు పట్టుకుపోయే దీపం గాలి చెడితే చిన్నబోతుంది, ఇంకా చెడితే ఆరిపోతుంది. మనిషికి తెలియకముందే దీపానికి తెలుస్తుంది. అందుకే వాళ్ళకు ఊళ్ళోని దేవుళ్ళందరికన్నా దీపం మీద ఎక్కువ నమ్మకం.

"దీపం వెలుగుతనే ఉంటది," అన్నారు డాక్టర్ సాబ్. "మనిషే ఆరిపోతడు."

అప్పుడు నేను కల్పించుకున్నాను. "దీపం నీ ఒంట్లనే ఉందనుకో ఓదెలూ. తలనొప్పి వచ్చిందంటే దీపం చిన్నగయినట్టు. కూసో, రెస్ట్ తీసుకో. కూసున్నా ఆయాసం తగ్గకపోతే, ఊకనే దగ్గొస్తే, ఆరిపోయే ముందటి దీపం అది. ఇగ ఒక్క అడుగు పైకి వేయొద్దు."

"అంటే రూఫుకు గ్యాస్ పట్టినట్టన్నట్టు," అన్నాడు ఓదెలు. బాయిలో ఒక రకం గ్యాస్ కప్పు కింద చేరుతుంది. అప్పుడు వంగి, వెనక్కి మళ్ళుతారు. "ఆ కొండంత రూఫే అనుకోవాలె. మళ్ళాలె."

అర్థమైందని డాక్టర్ సాబ్ సంతోషించారు. నేను కూడా సంతోషించాను. కానీ అతను చొక్కా గుండీలు పెట్టుకొని గుమ్మం దాటుతుంటే, ఎందుకో వెనక నుంచి గట్టిగా, "ఓదెలూ! ఊపిరాడకపోతే?" అన్నాను.

"పై..." అని నాలుక కరుచుకున్నాడు.

తలకెక్కింది, కాళ్ళకెక్కలేదు. కంగారులో మనిషి తలతో ఆలోచించడు. కాళ్ళు ఎటు అలవాటు పడ్డాయో అటే పోతాయి.

మరునాడు మధ్యాహ్నం ఓపీలో జనం పలచబడ్డాక ఓదెలు భార్య రాజవ్వ వచ్చింది. ముందురోజు ఆమె కూడా భర్త వెంట వచ్చి బయట బెంచీ మీద కూచుందట. తలుపుకు తెరే కదా అడ్డం, మేం మాట్లాడింది మొత్తం విన్నది. వచ్చి స్టూలు మీద కూచోకుండా నిలబడే ఉంది.

"సిస్టరమ్మా, ఆయిన్ను ఫెయిల్ జెయ్యి."

"ఏమని జేయాలె?"

"బీపీ ఉన్నదని రాయి. గుండె మంచిగ లేదని రాయి. ఏదన్నొకటి. నీ చేతిలున్న పనే గద."

"ఏం కాదు రాజవ్వా, జర ధైర్యంగుండు," అన్నాను. నర్సు నోటికి అలవాటైన మాట.

ఆమెకు కోపమొచ్చింది. "ఏం కాదని నీకెట్ల ఎరుక? బాయిలకు దినాం పంపుతున్న గద, ఎన్నడన్న ఏడ్చిన్నా? బాయిల ఏమన్నయితే యాభై మంది ఉరుకుతరు. ఆడ ఎవడున్నడు? మా తమ్ముడు పొలం బాయిల పూడిక తీయ దిగిండు. పాత బాయి. గాలి లేక కూలవడ్డడు. మీద నలుగురున్నరు. ఒక్కనికి ఏం జేయాలెనో ఎరుకలే. తాడేసేటాలకు పానం వోయింది. గాలి లేకుంటె మనిషి ఎంతసేపుంటడో నాకెరుకే సిస్టరమ్మా. గాలి లేని దేశం కావాలె అని ఎవడన్న పోతడా?"

రాయాలంటే రాయొచ్చు. రెండంకెలు పెంచి రాస్తే అడిగేవారు లేరు. కానీ బ్రిగేడ్ మనిషికి గుండె బాగాలేదని ఒకసారి కాగితం మీద పడితే పెరూ ఒక్కటే పోదు. బ్రిగేడ్ పోతుంది, బాయిలో దిగే పని పోతుంది. రేపటి నుంచి మీద కూచోబెట్టి బొగ్గులో రాళ్ళేరిస్తారు. అదే ఆమెకు చెప్పాను.

"ఏరుకుంటడు. బతికుంటడు," అంది.

"ఊకుంటడా?"

ఆమె స్టూలు మీద కూచుంది. "ఊకోడు," అంది. "బతికినంత కాలం నన్ను తిడ్తడు."

అప్పుడు నాకు తోచింది. నిన్న ఆ గదిలో నేను చెప్పినవన్నీ ఓదెలు చెవిలోంచి జారిపోయాయి. తెర అవతల కూచున్న ఈమెకు ఒక్క ముక్క పొల్లుపోలేదు. కొండ, గాలి, సిపాయి, దీపం అన్నీ ఆమె గుండెలో దిగబడి ఉన్నాయి. పోయేవాడికి లేని భయం ఇంట్లో ఉండే మనిషికి ఉంది. దాన్ని ఊరడించి పంపేస్తే ఎవరికి లాభం?

"నేను ఫెయిల్ జెయ్య రాజవ్వా," అన్నాను. "పాస్ కూడ జెయ్య. ఆ పని నీకిస్త. నువ్వు ఏ యాళకు అడిగినా, ఎట్ల అడిగినా, 'ఊపిరాడకపోతే' అంటే నీ మొగడు 'కిందికి' అనాలె. ఆలోచించి గాదు, తుమ్మినట్టు రావాలె. అట్ల వచ్చిననాడు నువ్వొచ్చి నాకు చెప్పు. నువ్వు చెప్పెదాక కాయితం డాక్టర్ సాబ్ సంతకానికి పోదు."

"నిజంగనా?"

"నిజంగనే."

డాక్టర్ సాబ్‌తో చెప్తే పెద్దగా నవ్వి, "ఫైనల్ పరీక్ష రాజవ్వ పెడుతుందన్న మాట. మంచిది," అన్నారు.

ఆ తర్వాత వాళ్ళ క్వార్టర్ల లైనులో జరిగింది నాకు అక్కడి ఆడవాళ్ళు వచ్చి చెప్పేవారు. రాజవ్వ భర్తను నిలువనీయలేదు. అన్నం ముద్ద నోట్లో ఉండగా అడిగేది. తలకు సబ్బు పెట్టుకొని కళ్ళు మూసుకున్నప్పుడు అడిగేది. షిఫ్టు దిగి గుమ్మంలో కాలు పెట్టగానే అడిగేది. మొదట్లో అతను సగంసార్లు "పైకి" అనేవాడట. ఇద్దరు పిల్లలు ఫెయిల్, ఫెయిల్ అని చప్పట్లు కొట్టేవారట. పక్కింటివాళ్ళు నవ్వుకున్నారు. ఓదెలు విసుక్కున్నాడు. ఆమె వినలేదు.

ఒకరోజు సాయంత్రం నేను ఇంటికి పోతుంటే నాకే కనబడింది ఆ వింత. ఓదెలు లైను చుట్టూ ఉరుకుతున్నాడు, అరుగు మీద రాజవ్వ చేయి నడుముకు పెట్టుకొని నిలబడి ఉంది. నాలుగు చుట్లు ఉరికి, రొప్పుతూ వచ్చి నిలబడగానే అడిగింది, "ఊపిరాడకపోతే?" అని.

"కిందికి," అన్నాడు, నడుం మీద చేతులు పెట్టుకొని.

నేను ఆగి, ఇదేం పరీక్ష అన్నాను. "ఆయాసం లేనప్పుడు ఎవడన్న జెప్తడు సిస్టరమ్మా," అంది రాజవ్వ. "ఆయాసంల అడుగుడే అసలు పరీక్ష గద." అది నాకు తోచని సంగతి. దేవుడి మీద ఒట్టు, ఆ క్షణాన ఆమెను తీసుకుపోయి మా నర్సు పిల్లలకు పాఠం చెప్పించాలనిపించింది.

పెరూ నుంచి వచ్చిన పుస్తకంలో కొన్ని స్పానిష్ మాటలున్నాయి. నీళ్ళకు ఆగ్వా. కిందికి అనడానికి అబాహో. అక్కడివాళ్ళకు అర్థం కావాలి కదా అని ఆ మాట కూడా నేర్పించాను. ఓదెలు కన్నా రాజవ్వకే ముందు నోరు తిరిగింది. పదిహేను రోజుల తర్వాత ఆమె దవాఖానకు వచ్చి, గుమ్మంలోనే నిలబడి, "పాసయిండు, పంపు కాయితం," అని వెళ్ళిపోయింది. ఆమె మొహంలో సంతోషమేమీ లేదు. మాట ఇచ్చింది కాబట్టి చెప్పింది.

సామాను సర్దేటప్పుడు చిన్న పేచీ వచ్చింది. రాజవ్వ గొంగడి పెట్టాలంది. గొర్రెబొచ్చుతో కురుమలు నేసే నల్ల గొంగడి. విమానంలో గొంగడేమిటని ఓదెలుకు నామోషీ. నన్ను అడిగారు. కోటు లోపలికి చలి వస్తుంది, గొంగడిలోకి రాదు, చుట్టుకుంటే కోటు, పరిస్తే పక్క, తడిసినా వెచ్చన పోదు, పెట్టమన్నాను. కారం పొడి కూడా పెట్టుకోమన్నాను. పరాయి ఊళ్ళో నోరు చచ్చిపోతే మనిషి సరిగా తినడు, తినకపోతే చలికి ఆగలేడు. ఊరగాయ జాడీ మాత్రం వద్దన్నాను. పెట్టె నిండా నూనె కారి నాలుగు నెలలు అదే వాసన మొయ్యాలి. మంచిర్యాల స్టేషన్‌లో రైలెక్కేటప్పుడు రాజవ్వ ఏడవలేదని విన్నాను. రైలు కదులుతుండగా కూడా కిటికీ దగ్గరికి పోయి అదే ప్రశ్న అడిగిందట, ఇంజినీరు గారు ఆశ్చర్యపోయారట.

ఆ నాలుగు నెలలు ఆమె నాతో మాట్లాడలేదు. సంతలో ఎదురైతే మొహం తిప్పుకునేది. నాకేమీ కోపం రాలేదు కానీ రాత్రిళ్ళు నిద్ర సరిగా పట్టేది కాదు. రెండంకెలు పెంచి రాసి ఉంటే ఈ పాటికి అతను ఇంట్లో ఉండేవాడు కదా అనిపించేది. క్షేమమని ఒక బొమ్మ కార్డు వచ్చినట్టు ఎవరో చెప్పారు. అది ఎప్పుడు రాసిందో, ఇప్పుడు ఎట్లా ఉన్నాడో ఎవరికి తెలుసు.

చలికాలం మొదట్లో ఇద్దరూ కలిసి దవాఖానకు వచ్చారు. ఓదెలు కాస్త నల్లబడ్డాడు, ముక్కు మీద చర్మం లేచి ఉంది. మిగతా అంతా ఎప్పటి మనిషే. డాక్టర్ సాబ్ కూడా పని ఆపేసి వచ్చి కూచున్నారు. ఏం జరిగిందో ఓదెలు నోటితోనే చెప్తాను.

"రైల్లనే ఎరుకైంది సిస్టరమ్మా, ఇది మామూలు ముచ్చట గాదని. ఒకాయన గాలి సంచి సంకకు తలిగేసుకొని డబ్బలల్ల తిరుగుతడు, చాయ్ అమ్మేటోని లెక్క. ఎవలకు ఊపిరాడకుంటె వాళ్ళ ముక్కు కాడ పెడ్తడు. నాకైతే ఏం గాలే. రఘునాథ్ సాబ్‌కు జర తల నొచ్చింది. నడిమిట్ల ఆగుదమని నేనన్న గని, ఒక్క పూటనే ఆగినం. పనోళ్ళు మా కోసం ఎదురు సూస్తున్నరాయె. తెల్లారి బాయి కాడికి వోయినం. మంచిగ మర్యాద జేసిండ్రు. ఆకుల కషాయం ఇచ్చిండ్రు, తాగినం. బాయిల దిగినం. జరసేపటికి తల పలిగిపోతుంది. దగ్గు. కూసున్నా ఆగుతలేదు. కేజ్ ఎక్కిచ్చి మీదికి తెచ్చిండ్రు. మీదికొచ్చినంక మంచిగయితది అనుకున్న. అలవాటు గద. ఒక్క రవ్వ తగ్గలే."

ఆ బాయి మూతి కూడా మబ్బుల మీదే ఉంది మరి. ఎక్కడి నుంచి బయటికి వచ్చినా గాలి అదే.

"ఆ ఫోర్‌మెన్ మంచోడు. కొత్తోళ్ళందరికి గిట్లనే అయితది, పండుకుంటె రేపటికి సదురుకుంటది అన్నడు. గెస్టు బంగ్లా మీది గుట్ట మీదున్నది. గాలి మంచిగొస్తదట. చెయ్యివట్టుకొని నడిపిస్తుండు. నేను నడుస్తున్న. నా కాళ్ళు పైకే వోతున్నయి సిస్టరమ్మా. నాకు సోయి లేదు. మొదటి దినమే పడ్డ అని సిగ్గు ఒకటి, ఇండియా కెప్టెన్ గిట్లనా అంటరు. ఆయాసం మాత్రం ఆగుతలేదు. గప్పుడు ఇనబడ్డది." రాజవ్వ వైపు చూశాడు. ఆమె కొంగు సర్దుకుంటోంది. "అరుగు మీద నిలవడి అడిగినట్టే ఇనబడ్డది. నేను గట్టిగ అబాహో అన్న. ఆయన నవ్విండు. మల్ల అన్న. ఆడనే నేల మీద కూసున్న, లేవలే. బ్రిగేడ్‌ల ఒక్కనికి బాగలేకుంటె జట్టంత మళ్ళాలె, గది మా కాయిదా. రఘునాథ్ సాబ్‌కు గదే జెప్పిన. ఆయన ఇగ మాట మాట్లాడలే, అప్పటికప్పుడే జీపు పిలిచిండు. నా తలకాయ కూడ పలుగుతుంది ఓదెలూ, నేనూ జెప్పలే అన్నడు."

జీపులో లోయలోని ఊరికి దిగేసరికి దగ్గు ఆగిందట. తెల్లవారి ఆకలైందట. అక్కడ పది దినాలుండి, మెల్లగా ఒక్కొక్క మజిలీ ఎక్కి మళ్ళీ ఆ బాయికే పోయారు. మిగతా పని మొత్తం చేశారు. బయలుదేరే ముందు అడవి వైపు కూడా దిగి వచ్చారు. పొద్దున గొంగడి కప్పుకొని బయలుదేరితే సాయంత్రానికి అరటితోటల్లో చొక్కా విప్పాల్సి వచ్చిందట. ఆ కొండ మనుషులు మక్కజొన్నలు తింటారు, మిరపకాయ తింటారు, ఆలుగడ్డల్లో మనం ఎరగని రంగులున్నాయి, వాళ్ళూ గొంగడిలాంటిదే కప్పుకుంటారు, నడుమ బొక్క పెట్టి తలలోంచి వేసుకుంటారు. అతని గొంగడిని పట్టి పట్టి చూసి, ఏ జంతువు బొచ్చని అడిగారట. ఇవన్నీ ఓదెలు చాలాసేపు చెప్పాడు. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి, దాచుకోలేదు.

డాక్టర్ సాబ్ అతని ఛాతీ మీద స్టెతస్కోపు పెట్టి రెండుసార్లు విన్నారు. "ఆ పూట ఆ గుట్ట ఎక్కి పండుకుంటే పొద్దున లేచేటోనివి కాదు," అన్నారు.

పోయేటప్పుడు రాజవ్వ వెనక్కి వచ్చింది. నాలుగు నెలల కోపాన్ని ఎట్లా దించుకోవాలో తెలియక కాసేపు నిలబడింది. "మల్ల ఏడికో పంపుతరట సిస్టరమ్మా, రెండేండ్లకు," అంది. "పంపనీ. ముందుగాల్ల ఆడ ఏమైతదో నాకు జెప్పు. పరీక్ష నేను పెడత."

చెప్పేవాళ్ళకు వినేవాడు ఎదురుగా ఉంటే చాలని నేను అప్పటివరకు అనుకున్నాను. రాజవ్వను చూశాక నా పని తీరే మారింది. ఆమె భయాన్ని ఆ రోజు ఊరడించి ఇంటికి పంపి ఉంటే, ఆ గుట్ట మీద ఓదెలుకు వినబడడానికి ఏ గొంతూ ఉండేది కాదు. ఆ తర్వాత ఎవరు దవాఖాన నుంచి ఇంటికి పోతున్నా, ఎవరు దూరం ప్రయాణమవుతున్నా, వెంట వచ్చినవాళ్ళతో ఫికర్ చేయకండి, దిగులు పడకండి అనడం మానేశాను. ఈ మనిషి గురించి అందరికన్నా ఎక్కువ ఫికర్ ఎవరికుందో వాళ్ళు ముందుకు రండి అంటాను. ఎవరో ఒకరు కొంగు సర్దుకుంటూ లేస్తారు. వాళ్ళకే చెప్తాను.